మూడో కాలు లొల్లి

కొత్తగా ఇంజనీరు ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి, మీ సర్వీసులో గొప్ప అనుభవం ఏదైనా చెప్పండి మేడం అని అడుగుతుంటారు. నేను కట్టించిన వంతెనల గురించి చెబుతానని వాళ్ల ఆశ. అవన్నీ నిక్షేపంగా నిలబడి ఉన్నాయి, కాబట్టి వాటి గురించి చెప్పేదేమీ లేదు. చెప్పవలసింది నేను కట్టించని ఒక వంతెన గురించి, దాని మూడో కాలు గురించి. పేర్లు మాత్రం అడక్కండి. జనగామలో ఎవరి పేరు చెప్పినా ఎవరికో ఒకరికి మేనమామ అవుతాడు, తర్వాత నేను కూరగాయలకు బయటికి పోలేను.

మా ఆఫీసు జనగామలో ఉండేది. అందులో నేను డిప్యూటీ ఇంజనీరును. పుట్టి పెరిగింది జఫర్‌గఢ్ దగ్గర, నోరు కూడా అక్కడిదే. మేం చూసుకునే వంతెనల్లో ఒకటి దంతాలపల్లి దాటాక, మహబూబాబాద్ వైపు పోయే ఒక రోడ్డులో, వాగు మీద ఉంది. పొడవూ లేదు, అందమూ లేదు. కానీ వాగవతల ఊళ్లవాళ్లు దవాఖానకు పోవాలన్నా, మిర్చి బస్తాలు మార్కెట్‌కు తేవాలన్నా, పిల్లలు కాలేజీకి పోవాలన్నా దారి అదొక్కటే.

ఒకరోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట వంతెనల ఆరోగ్యాన్ని యంత్రాలతో గమనించాలట. ఆ ఉత్తర్వు వచ్చిన రోజున మా ఆఫీసులో వాన కురుస్తోంది. బయట కాదు, ఆఫీసులోనే. స్టోరు గదిలో మూడు బకెట్లు, నా టేబులు పక్కన ఒక తొట్టి పెట్టుకుని మేం వంతెన ఆరోగ్యం గురించి చర్చించాం. మా కప్పు ఆరోగ్యం గురించి ఉత్తర్వులో ఏమీ లేదు.

హైదరాబాదులోని ఒక కంపెనీకి ఆ పని అప్పజెప్పారు. వాళ్లు వచ్చి వంతెన కాళ్ల మీద ఒక్కొక్క డబ్బా బిగించారు. చూడ్డానికి టిఫిన్ గిన్నెలా ఉంటుంది. లారీ పోయినప్పుడు వంతెన సన్నగా ఊగుతుంది, కంటికి కనబడదు, ఆ ఊపును ఈ డబ్బా పట్టుకుంటుంది. ప్రతి కాలుకూ తనదైన ఊపు ఒకటి ఉంటుంది, సెకనుకు ఇన్నిసార్లు అని. కాలు భూమిలో గట్టిగా నాటుకుని ఉంటే ఊపు చురుగ్గా ఉంటుంది. అడుగున మన్ను జారిపోతే ఊపు మెల్లబడుతుంది. పందిరి గుంజను చేత్తో కదిపి చూస్తే గట్టిగా ఉందో లేదో తెలుస్తుంది కదా, అంతే సంగతి. మీరు కాలేజీలో నాలుగేళ్లు దీన్నే చదివారు.

చిక్కేమిటంటే ఆ డబ్బాకు కాలు ఊపు ఒక్కటే వినబడదు. గాలి, వాన, ట్రాక్టరు ఇంజను, పక్కన ట్రాన్స్‌ఫార్మరు మోత, సాయంత్రం రెయిలింగ్ మీద కూర్చుని కాళ్లూపుకుంటూ రాజకీయాలు మాట్లాడే పెద్దమనుషులు, అన్నీ వినబడతాయి. ఈ గందరగోళంలోంచి కాలు చెప్పే మాటను ఏరుకోవడమే ఈ విద్య. మిగిలినదాన్ని కంపెనీవాళ్లు నాయిస్ అన్నారు.

ఆ కంపెనీ తరఫున మా దగ్గర ఉండిపోయినవాడు గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఇంజనీరు. మర్యాదస్తుడు, తెలివైనవాడు, ఏం చెప్పినా చేసేసే రకం. ఆ మూడో గుణం మిగతా రెండింటినీ ఎట్లా తినేస్తుందో ముందు ముందు మీకే తెలుస్తుంది. మొదటిరోజు అతను మా సిబ్బందికి పాఠం చెప్పాడు. నాయిస్ అంటే ఏందని మా వర్క్ ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"అవాంఛిత సంకేతం అండి" అన్నాడు ఇంజనీరు.

ఎవరి మొహంలోనూ ఏమీ కదల్లేదు. నేనే కల్పించుకున్నాను. "లొల్లి అన్నట్టు. పెండ్లిల మైకు మోగుతుంటది, పక్కపొంటి కూసున్నోడు చెప్పేది మనకు వినస్తదా? వినరాదు. గా మైకు మోతే లొల్లి. గది తీసేస్తే మనిషి మాట వినస్తది."

అందరూ తలలూపారు. అందరికన్నా ఎక్కువ సంతోషించింది ఆ కంపెనీ ఇంజనీరే. మర్నాటికల్లా కంప్యూటరులో నాయిస్ అన్నచోటల్లా తీసేసి లొల్లి అని రాసుకున్నాడు. వేలితో పైకీ కిందికీ జరిపే మీట ఒకటి పెట్టి దాని కింద 'లొల్లి వడపోత' అని రాశాడు. రోజూ పొద్దున్నే వచ్చి, "ఇవాళ లొల్లి బాగా తక్కువగా ఉందండి" అనేవాడు. మా యాసను సినిమాల్లో విని నవ్వుకుంటూ పెరిగిన పిల్లగాడు మా మాటను అంత ఇష్టంగా పలుకుతుంటే నాకు ముచ్చటేసింది. ఇన్నేళ్లకు మా మాట శాస్త్రంలోకి ఎక్కిందని మురిసిపోయాను కూడా.

ఇప్పుడు మా పెద్దసారు సంగతి. ఆయన మాకందరికీ పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, భూపాలపల్లి నుంచి బదిలీ మీద వచ్చాడు. చెడ్డమనిషి కాడు. పండక్కి అందరికీ మిఠాయి తెచ్చేవాడు, ఎవరింట్లో ఎవరు చనిపోయినా ముందుండేవాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, లొల్లి అంటే భయం. ఆయన లొల్లి వేరు. నేను చెప్పిన లొల్లి డబ్బాలో ఉండేది, ఆయన లొల్లి పై అధికారుల ఫోన్లలో, పేపర్లలో, ఊళ్లవాళ్ల ధర్నాల్లో ఉండేది. ఏ ఫైలు పట్టుకుపోయినా మొదటి పేజీ చూడడు. "ఇందుల లొల్లి ఏమన్న ఉన్నదా మేడం?" అని అడుగుతాడు. లేదంటే సంతకం, ఉందంటే వచ్చేవారం.

ఆయన గదిలో గోడకు పెద్ద టీవీ పెట్టించారు. అందులో వంతెన బొమ్మ, బొమ్మకు కాళ్లు. కాలు బాగుంటే పచ్చరంగు, అనుమానముంటే పసుపు, ప్రమాదముంటే ఎరుపు. ఎరుపొస్తే ఆయన ఫోన్‌కు మెసేజ్ కూడా వస్తుంది. వచ్చినవాళ్లందరికీ ఆ పచ్చని కాళ్లను చూపించి టీ తాగించేవాడు.

ఆ ఏడాది వానలు దంచికొట్టాయి. వాగు రెండు గట్లూ ఒరుసుకుని పారింది. నేను ఆ రోజుల్లో వేరే చోట కోసుకుపోయిన రోడ్ల మీద, బురదలో చెప్పులు పోగొట్టుకుంటూ తిరుగుతున్నాను. తిరిగొచ్చి టీవీ చూస్తే కాళ్లన్నీ పచ్చగా ఉన్నాయి. అంత వరదకూ చెక్కుచెదరలేదంటే కట్టినవాళ్లు మంచివాళ్లే అనుకుని నా పనిలో పడిపోయాను. అప్పటికి వాగు తగ్గింది గానీ నీళ్లు ఇంకా నడుములోతు ఉన్నాయి, ఎర్రటి బురదనీళ్లు. కాళ్ల మొదళ్లు కనబడేవి కావు.

అంత వరదలోనూ పచ్చగా నిలిచిన వంతెన గురించి పైవాళ్లకు తెలిసింది. వాళ్లు ఇంకా పైవాళ్లకు చెప్పారు. ఒక పెద్ద నాయకుడు స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. మా పెద్దసారు ఉత్సాహం చూడాలి. వంతెన అవతలి గట్టున షామియానా, దాని కింద టీవీ. చెల్పూర్ బొగ్గు కరెంటు కేంద్రం నుంచి వచ్చే బూడిద లారీలను నిండు లోడుతో తెప్పించి వంతెన మీద వరసగా నిలబెట్టాలి. అంత బరువు పెట్టినా టీవీలో కాళ్లు పచ్చగానే ఉంటాయని నాయకుడికి చూపించాలి. ఫొటోలో నిండుగా ఉండాలని రెండు బడుల పిల్లలను జెండాలిచ్చి వంతెన మీద అటూ ఇటూ నిలబెట్టాలి. ఇదంతా ఆయన స్వంత ఆలోచన. ఇంత ఆలోచన ఆయన సర్వీసు మొత్తంలో ఏ వంతెనకూ చెయ్యలేదని నా నమ్మకం.

నాకప్పజెప్పిన పని ఫ్లెక్సీ. కాళ్ల ఊపుల గ్రాఫులను రంగుల్లో పెద్ద ఫ్లెక్సీ మీద వేయించి షామియానాకు కట్టాలి. కార్యక్రమానికి ముందురోజు పొద్దున జనగామలో ఫ్లెక్సీ కొట్టుకు పోయాను. యంత్రంలోంచి ఫ్లెక్సీ మెల్లగా బయటికొస్తోంది. కొట్టు యజమాని దాన్ని మురిపెంగా చూసుకుంటున్నాడు.

"గీ మూడో గీత మాత్రం సాఫ్‌గ వచ్చింది మేడం" అన్నాడు. "మిగిలినయే జర వంకరటింకరగ వచ్చినయ్. సరిచెయ్యమంటరా? గంట పడ్తది."

నేను వంగి చూశాను. మిగతా కాళ్ల గీతలు పగలు ఎండకు కాస్త దిగుతూ, రాత్రి చల్లదనానికి కాస్త ఎక్కుతూ అలల్లాగా ఉన్నాయి. కాంక్రీటుకు కూడా ఎండా చలీ తెలుస్తాయి, ఊపు రోజూ అట్లా కొంచెం మారుతూనే ఉండాలి. మూడో కాలు గీత మాత్రం వరద తగ్గిన నాటి నుంచి స్కేలు పెట్టి గీసినట్టు ఒకే మట్టాన పోతోంది. ఎండ లేదు, వెన్నెల లేదు. సరిచెయ్యొద్దని చెప్పి, చుట్టిన ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని ఆఫీసుకు వచ్చేశాను.

కంపెనీ ఇంజనీరు వరండాలో, షామియానాకు పోవలసిన టీవీకి కొత్త వైర్లు సర్దుతున్నాడు.

"తమ్మీ, మూడో కాలుకు ఏం చేసినవ్?"

"ఏం చెయ్యలేదండి. లొల్లి తీశానంతేనండి."

"ఏ లొల్లి?"

"మీరు చెప్పిన లొల్లేనండి." అతను నవ్వుతూనే ఉన్నాడు. "వరద తగ్గాక మూడో కాలు ఎరుపెక్కిందండి. సారు ఏదో మీటింగులో ఉన్నారంట, ఫోన్‌కి మెసేజ్‌లు పోతూనే ఉన్నాయండి. ఆయన బయటికొచ్చి ఫోన్ చేశారు. మూడో కాలు లొల్లి ఎక్కువైంది, నాకు లొల్లి వద్దు, తీసెయ్యి అన్నారండి. కింద మెల్లగా పెద్ద ఊపొకటి కొత్తగా వచ్చిందండి, అది తీసెయ్యమంటారా అని అడిగాను. కింద మీద నాకు తెల్వది, మొత్తం తీసెయ్యి అన్నారు. మీట పైకి జరిపానండి, పచ్చగా అయిపోయింది."

సారు తీసెయ్యమన్నది తన మీటింగులో మోగుతున్న లొల్లి. ఇతను తీసింది డబ్బాలోని లొల్లి. ఇద్దరికీ మధ్య తిరుగుతున్న మాట నేనిచ్చింది. మెల్లగా ఉన్న ఊపులన్నిటినీ కోసెయ్యమని కంప్యూటరుకు చెప్పాక, అది మిగిలినవాటిలో పెద్దదేదో వెతుక్కుంటుంది. కోసిన అంచు దగ్గర దొరికిన ముక్కనే రోజూ పట్టుకుని కాలు ఊపు ఇదేనని చెబుతుంది. అంచు మారదు కాబట్టి గీత కూడా మారదు.

"వడపోత తీసి చూపియ్యి" అన్నాను.

తీశాడు. మూడో కాలు అసలు ఊపు బయటికొచ్చింది. పక్క కాళ్లతో పోలిస్తే బాగా మెల్లగా, బాగా పెద్దగా ఉంది. అతని మొహంలో నవ్వు పోయింది.

"మైకు బంద్ చెయ్యమంటే మనిషి నోరు మూసినవ్ తమ్మీ."

"అంటే అడుగున మన్ను..."

"పోయింది. రేపు దాని మీద నిండు లారీలు, పోరగాండ్లు."

ఇద్దరం పెద్దసారు గదికి పోయాం. ఆయన నాయకుడికి వెయ్యాల్సిన శాలువా రంగు చూస్తున్నాడు. నేను ఫ్లెక్సీ నేలమీద పరిచి, మొత్తం విడమరిచి చెప్పాను. ఆయన వంగి, ఫ్లెక్సీ మీద మూడో గీత వెంట వేలు జరిపాడు. అర్థమైందనుకున్నాను. అర్థమయ్యే ఉంటుంది కూడా, ఆయనా ఇంజనీరే.

"లొల్లి తీసెయ్యమన్న గని, కాలును తీసెయ్యమన్ననా?" అని ముందు కంపెనీ ఇంజనీరు మీద ఎగిరాడు. తర్వాత నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మేడం, రేపొక్కరోజు ఓపిక పట్టుండ్రి. ఎల్లుండి వంతెన బంద్ పెట్టి సూద్దం. ఇన్నిరోజులు ఆగింది, ఒక్కరోజు ఆగదా?"

"ఎవరాగాలె సార్? కాలా, వాగా?"

"మీకు రిటైర్మెంట్ దగ్గరికొచ్చింది. గిప్పుడు చార్జి మెమో పడితే పెన్షన్ ఆగుతది. మీ మంచికే చెప్తున్న. లొల్లి చెయ్యకుండ్రి."

భయపడలేదని గొప్పలు చెప్పుకోను. ఆ రాత్రి అన్నం సహించలేదు. మా ఆయన పోయినప్పటి నుంచి ఇల్లు గడిచేది నా జీతంతోనే, రేపు గడవాల్సింది ఆ పెన్షన్‌తోనే. ఒక్కరోజు ఆగుతుందేమో, ఆగితే నాకే నష్టమూ లేదు కదా అని కూడా అనుకున్నాను. కానీ కళ్లు మూసుకుంటే జెండాలు పట్టుకున్న పిల్లలే కనబడ్డారు. పెద్దసారు మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నిద్రలో ఆయన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పొద్దున వంతెన దగ్గరికి పోయేసరికి మైకులో దేశభక్తి పాటలు మోగుతున్నాయి. పిల్లలను అప్పుడే వంతెన మీద నిలబెడుతున్నారు. ఒక బూడిద లారీ వంతెన ఎక్కేసింది, మిగతావి వెనక వరుసలో ఉన్నాయి. ఎక్కిన లారీ వెనక్కి దిగడానికి జాగా వదిలి, మిగతావాటి ముందు మా ఆఫీసు జీపును రోడ్డుకు అడ్డంగా పెట్టమన్నాను. మా డ్రైవరు మెల్లగా అడిగాడు.

"బండి ఖరాబైందని చెప్పాల్నా మేడం?"

"వద్దు. మేడం అడ్డం పెట్టించిందనే చెప్పు."

జీపు దిగి వంతెన మీదికి నడిచాను. టీచర్లకు పిల్లలను వెనక్కి తీసుకుపొమ్మని చెప్పాను. ఒక టీచరు, "సార్లు ఈడనే నిలబెట్టమన్నరు మేడం" అంది. సార్లను కూడా నిలబెడదాం గాని ముందు పిల్లలను దింపమ్మా అన్నాను. ఆమె నా మొహం చూసి పిల్లలను వరసగా దింపడం మొదలుపెట్టింది. లారీ డ్రైవరుకు ఎదురుగా పోయి నిలబడి, మూడో కాలు దాకా రాకముందే వెనక్కి, మెల్లగా, బ్రేకు కొట్టకుండా పోనిమ్మన్నాను. అతను నన్ను అనరాని మాట ఒకటి అన్నాడు. అంటే అన్నాడు గానీ వెనక్కి పోనిచ్చాడు.

పెద్దసారు పరుగెత్తుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసిపోయింది. "ఏంది మేడం గిది? లొల్లి చెయ్యొద్దని చెప్తి గదా."

"మీరు ఇన్నిరోజులు తీసేసిన లొల్లి గిదే సార్. జర సూడుండ్రి, ఎట్లుంటదో."

ఆయన డ్రైవరును జీపు తియ్యమన్నాడు. డ్రైవరు తాళంచెవి మేడం దగ్గరుందన్నాడు. నా దగ్గర లేదు. ఎక్కడుందో నేనూ అడగలేదు.

అప్పటికే నాయకుడి కార్లు అవతలి గట్టుకు వచ్చేశాయి. షామియానా కింద టీవీ ముందు కంపెనీ ఇంజనీరు ఒక్కడే ఉన్నాడు. అతని పై అధికారి ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడని తర్వాత తెలిసింది. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. అతను ఫోన్ పక్కన పెట్టి, సారు మళ్లీ పైకి పెట్టించిన మీటను కిందికి జరిపాడు. నేను చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క పని అతను ఎవరూ చెప్పకుండా చేశాడు. లారీ వెనక్కి పోతున్న ఊపుకే మూడో కాలు ఎర్రగా అయింది.

నాయకుడు టీవీ ముందు ఆగాడు. పక్కనే మైకు ఉంది కాబట్టి వాళ్ల మాటలు నా దాకా వినబడ్డాయి. "ఏందయ్యా గా ఎరుపు?"

మా పెద్దసారు అప్పటికి షామియానాలోకి చేరుకున్నాడు. ఒక్క క్షణం కూడా తడబడలేదు. "గిదే సార్ మన వ్యవస్థ పనితనం. లోపల దెబ్బ తగిలిందని ముందే పసిగట్టింది. అందుకే మేమే పిల్లలను, లారీలను ఆపినం. మీకు కండ్లార చూపెడదామని."

నాయకుడు చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. నేను ఇవతలి గట్టున జీపుకు ఆనుకుని నిలబడి ఉన్నాను.

తర్వాత ఇసుక బస్తాలతో నీళ్లు మళ్లించి చూస్తే, మూడో కాలు పునాది కింద సగానికి పైగా మన్ను లేదు. కాంక్రీటు దిమ్మ గాలిలో ఉంది. దాని కిందికి గడ్డపార తోస్తే ఎక్కడా తగల్లేదు. ఆ రోజు వరసగా లారీలు నిలబడి ఉంటే ఏమయ్యేదో చెప్పడానికి ఆ గడ్డపార చాలు. పెద్దసారు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తర్వాత తనే గడ్డపార తీసుకుని ఇంకోసారి తోసి చూశాడు, అది చూసి నా కోపం కొంచెం తగ్గింది.

బాగుచేసేదాకా వంతెన బంద్ పెట్టారు. అవతల ఊళ్లవాళ్లు చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది. పని చూడ్డానికి పోతే ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని తిట్టింది. "మంచిగున్న బ్రిడ్జి బందు పెట్టిస్తివట. నా మోకాళ్లకు దవాఖానకు ఎట్ల పోవాలె బిడ్డా?" గడ్డపార సంగతి చెప్పాను. ఆమె నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది, పైకి చూస్తే వంతెన నిటారుగానే ఉంది మరి. ఆమె తిట్లు నాకు న్యాయంగానే తోచాయి.

ఇక బహుమానాలు. పెద్దసారుకు ప్రశంసాపత్రం వచ్చింది, ఫ్రేము కట్టించి టీవీ పక్కనే గోడకు వేలాడదీశాడు. కంపెనీకి ఇంకొన్ని వంతెనలు దొరికాయి. నాకు మెమో వచ్చింది, అధికారిక కార్యక్రమంలో అలజడి సృష్టించినందుకు సంజాయిషీ ఇవ్వమని. అలజడి అంటే లొల్లికే చొక్కా తొడిగిన పేరు. పైవాళ్లకు తర్వాత ఎప్పుడో తట్టింది, వ్యవస్థే ఆపిందని చెప్పుకున్నాక ఆపినందుకు నన్నెట్లా శిక్షిస్తారని. మెమో సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెన్షన్ మాత్రం ఆలస్యంగా అయినా వచ్చింది, ఇప్పుడు దాన్నే తింటున్నాను.

నా వీడ్కోలు సభ ఆఫీసులోనే జరిగింది. కప్పు నుంచి నీళ్లు కారే చోటు వదిలేసి కుర్చీలు వేశారు. పెద్దసారు శాలువా కప్పి, మైకు పట్టుకుని మనస్ఫూర్తిగానే మాట్లాడాడు. "మా మేడం ఇన్నేండ్లు సర్వీసు చేసిండ్రు. ఏనాడన్న ఒక్క లొల్లి ఉన్నదా? లేదు. సాఫ్ సర్వీసు." అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో కంపెనీ ఇంజనీరు తలవంచుకుని, మీటను జరుపుతున్నట్టు ఒక వేలిని గాలిలో మెల్లగా పైకి జరిపాడు.

నాకు నవ్వాగలేదు. మైకు తీసుకున్నాను. "సారు చెప్పింది తప్పు. ఒక లొల్లి ఉన్నది. మూడో కాలుది" అని మొదలుపెట్టాను.

మైకు ఆగిపోయింది. కరెంటు పోయిందేమో అనుకుని పైకి చూశాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి.